దిష్టి తగిలే మొహం

కాటో వ్రీసి, సైప్రస్
1997 ఫిబ్రవరి 6

పెద్దమ్మ కాళ్ళకి మొక్కి యసవతి రాస్తున్నది.

నీ ఉత్తరం అందింది. అందులో నీ మాటలు నాలుగు ముక్కలే, మిగతాదంతా మన అప్పాల కొట్టుకి వచ్చేవాళ్ళ ప్రశ్నలే! విదేశం అంటే ఆకాశంలో ఉందనుకుంటున్నారా వీళ్ళంతా? సరే, వరసగా చెప్తాను. పైకి చదువు.

మన బస్సు నడిపే విమలసేన అన్నకి చెప్పు: ఇక్కడ కూడా బస్సులు మనలాగే రోడ్డుకి ఎడమ పక్కనే పోతాయి. కాకపోతే డ్రైవరు పొగ తాగుతూ, పక్కవాడితో పోట్లాడుతూ, మధ్యలో ఆపి తన మేకలకి గడ్డి కూడా కొనుక్కుంటాడు. అన్న ఇక్కడికొస్తే మహారాజులా బతికేస్తాడు.

రణసింహ మాస్టారు భాష గురించి అడిగారు కదా. ఇక్కడ 'నే' అంటే అవును. మన సింహళంలో 'నే' అంటే లేదు, వద్దు. మొదటి వారం ముసలమ్మ రొట్టె చూపించి ఇంకా కావాలా అని సైగ చేసింది. నేను వద్దని 'నే' అన్నాను. ఇంకో ముక్క పెట్టింది. మళ్ళీ 'నే' అన్నాను. నా పళ్ళెంలో రొట్టెల గుట్ట! ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని, ఈ సన్నటి మనిషి ఇంత తింటుందా అన్నట్టు చూసింది. వద్దంటే ఇక్కడ గడ్డం పైకెత్తి నాలుకతో 'చ్' అనాలట. మనూళ్ళో పెద్దవాళ్ళ ముందు అలా చేస్తే చెంప పగులుతుంది.

కరుణావతి పిన్ని వీళ్ళు స్నానం చేస్తారా అని అడిగింది. చేస్తారు, కానీ మనలా రోజూ కాదు. వాన వెలిసిందంటే గోడల మీద నత్తలు ఏరుకొచ్చి వండుకుంటారు. వీళ్ళ జున్ను నమిలితే పళ్ళ మధ్య కీచుమంటుంది. కారం అన్నది ఊరు మొత్తం మీద లేదు.

ఇక నా సంగతి. ముసలమ్మ పేరు దెస్పినా. ఎనభై దాటాయి. మొగుడు పోయి చాలా ఏళ్ళయినా నెత్తి నుంచి కాలి దాకా నల్లబట్టలే కడుతుంది. కాళ్ళలో సత్తువ లేదు, నాలుక మాత్రం చురుకే. స్నానం, తిండి, చర్చికి తీసుకెళ్ళడం నా పని. కొడుకు స్తేలియోస్ రాజధాని నికోసియాలో ఉంటాడు, ఆదివారాలు వస్తాడు. నవ్వడు. మొదటి రోజే నాతో ఇంగ్లీషులో ఒకటే మాట అన్నాడు: "ఒక్క ఫిర్యాదు వస్తే చాలు, మర్నాడే విమానం ఎక్కిస్తాను." ఆయన సంతకం లేకపోతే ఈ దేశంలో నాకు నిలువ నీడ లేదు.

ఇంకొకటి. రాద్దామా వద్దా అనుకున్నాను. పొద్దున్నే నేను తల దువ్వుకుని కాఫీ పట్టుకెళ్ళగానే ముసలమ్మ నా మొహంలోకి చూసి, ఏదో అని, నా మీద మూడుసార్లు ఉమ్ముతుంది. రోజూ ఇంతే. ఎందుకో తెలియదు. నువ్వు బాధపడకు. తుడుచుకుంటాను.

నీ కూతురి లాంటి
యసవతి


మావనెల్ల, శ్రీలంక
ఫిబ్రవరి 22

త్రిరత్నాల రక్ష నీ మీద ఉండాలి తల్లీ.

బాధపడకు అని రాస్తే బాధపడకుండా ఉంటానా? కొట్టు నిండా జనం. నత్తల దగ్గర అందరూ నవ్వారు. రొట్టెల దగ్గర విమలసేన టీ గొంతులో పోయి దగ్గాడు. తర్వాత ఉమ్మడం దగ్గరికి వచ్చాను. పెనం మీద అప్పం మాడిపోయింది.

ఎవరనుకుంటున్నారు వాళ్ళు మనల్ని? నీ తల్లి పోయినప్పుడు నిన్ను ఇంత పిల్లని తెచ్చి ఈ చేతులతో పెంచాను. ఒక్కనాడు దెబ్బ వెయ్యలేదు. ఎక్కడో నత్తలు తినే ముసలిది రోజూ పొద్దున్నే నా పిల్ల మొహాన ఉమ్ముతుందా? విమలసేన "చెప్పు తీసుకుని కొట్టమని రాయక్కా" అన్నాడు. మాస్టారు, అన్నీ తెలిసిన మనిషి కదా, "తొందరపడకు పొడిమెణికే, ఒక్కో దేశానికి ఒక్కో పద్ధతి ఉంటుంది" అన్నారు. మీ మొహాన ఉమ్మితే తెలిసేది పద్ధతి అన్నాను. టీ తాగకుండా వెళ్ళిపోయారు.

నేను ఊరుకోలేదు. దేవాలయంలో పూజలు చేసి మంత్రాలు వేసే కపురాళ దగ్గరికి వెళ్ళాను. అన్నీ విని, ముసలిదాని మీద ఏదో ఉంది, అందుకే పొద్దున్నే ఉమ్ముతోంది, నల్లబట్ట విప్పకపోవడం కూడా అందుకే అన్నాడు. నిమ్మకాయలు కోస్తే పోతుందన్నాడు. నువ్వు చిన్నప్పుడు చూశావు కదా, మనిషిని కూర్చోబెట్టి, నెత్తి మీద, భుజాల మీద, మోకాళ్ళ మీద ఒక్కో కాయ అడకత్తెరలో పెట్టి కొయ్యడం. నా అడకత్తెరనే మంత్రించి ఇచ్చాడు. పార్సెల్‌లో వేస్తున్నాను. గుడిలో భిక్షువులు పిరిత్ చదివి ఇచ్చిన రక్ష దారం కూడా ఉంది, అది నీ చేతికి కట్టుకో. నిమ్మకాయలు అక్కడ దొరుకుతాయా? లేకపోతే రాయి, ఎండబెట్టి పంపుతాను.

ఇంకో సంగతి. వచ్చే వారం కొలంబో వెళ్తున్నాను. నిన్ను పంపిన ఏజెంటుతో మాట్లాడితే గాని నాకు నిద్ర పట్టదు.

నీ పెద్దమ్మ
పొడిమెణికే

కరుణావతి అడగమంది: నత్తల్ని గుల్లతో సహా తింటారా?


కాటో వ్రీసి
మార్చి 14

పెద్దమ్మా,

కొలంబో వెళ్ళకు! ఈ ఉత్తరం ముందుగా అందితే బాగుండునని తపాలా కొట్టు దాకా పరిగెత్తాను. ఏజెంటుతో ఏమీ మాట్లాడకు, నీకు దణ్ణం పెడతాను.

సంగతి తెలిసింది. ముసలమ్మ మనవరాలు ఎలేని వచ్చింది. కడుపుతో ఉంది, ఇంగ్లీషు బాగా వచ్చు. నేను ధైర్యం చేసి అడిగాను, మీ నాయనమ్మ నా మీద ఎందుకు ఉమ్ముతుందని. ఎలేని కడుపు పట్టుకుని నవ్వింది, నొప్పులు వస్తాయేమోనని నాకు భయం వేసింది. అది తిట్టు కాదు పెద్దమ్మా. ముచ్చటైన బిడ్డనో, అందమైన మనిషినో చూస్తే వీళ్ళు దిష్టి తగలకుండా అలా చేస్తారట. ఎంగిలి కూడా పడదు, ఉత్త గాలి. నేనే కంగారులో తుడుచుకున్నాను. రోజూ పొద్దున్న ఆవిడ అనే మాట ఏమిటంటే, "ఎంత చక్కగా ఉన్నావే పిల్లా" అట!

అంటే వీళ్ళకీ దిష్టి ఉంది. ముసలమ్మకి తలనొప్పి వచ్చినప్పుడల్లా గిన్నెలో నీళ్ళు పోసి, అందులో నూనె చుక్క వేసి చూసుకుంటుంది. చుక్క విడిపోతే ఎవరిదో కన్ను తగిలిందని లెక్క. మనం ఇన్నాళ్ళూ వీళ్ళకి ఏమీ తెలియదనుకున్నాం.

నీ పార్సెల్ మొన్న వచ్చింది. అడకత్తెర చూసి ముసలమ్మ వదల్లేదు. ఏమిటిది, దేనికిది అని. సైగలతో చెప్పాను. నిమ్మకాయ తెచ్చి చూపించాను. ఇక్కడ నిమ్మకాయలకి కరువా, పెరటి నిండా పిడికెడంత పచ్చటి కాయలు! వారం నుంచి ఆవిడకి తల బద్దలవుతోంది, నూనె చుక్కతో తగ్గలేదు. "మీ దేశపు వైద్యం నాకు చెయ్యి" అని పట్టుపట్టింది. వచ్చే వారం శనివారం చేస్తానన్నాను. దయ్యం కోసం కాదు పెద్దమ్మా, తలనొప్పి కోసం.

నత్తల్ని గుల్లతో తినరు. పుల్లతో లాగి తింటారు.

ఇంకోసారి చెప్తున్నా, కొలంబో వెళ్ళకు. నేను బాగున్నాను. నిజంగా బాగున్నాను.

యసవతి


మావనెల్ల
మార్చి 20

తల్లీ యసవతీ,

వెళ్ళొచ్చాను!

నీ ఉత్తరం కోసం ఎదురు చూసి చూసి, రాకపోయేసరికి, నీకు రాయనివ్వడం లేదనే అనుకున్నాను. పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టుకుని పొద్దున బస్సెక్కాను. విమలసేన నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, నిల్చున్నవాళ్ళందరికీ మన సంగతి చెప్పుకుంటూ నడిపాడు. కొలంబో చేరేసరికి బస్సు బస్సంతా నాతో ఏజెంటు దగ్గరికి వచ్చేట్టుంది.

ఏజెంటు కుర్రాడు మొదట "అమ్మా, కూర్చోండి, టీ తాగండి" అని మర్యాదలు మొదలుపెట్టాడు. నీ టీ నువ్వే తాగు, నా కొట్టులో రోజూ కాస్తాను అన్నాను. పిల్ల మొహాన ఉమ్ముతుంటే పట్టించుకోని మీ మొహాన ఎవరు ఉమ్మాలి అని నిలదీశాను. బయట వరసలో నిల్చున్న ఆడపిల్లలందరూ తలుపు దగ్గరికి వచ్చారు. దాంతో వాడికి చెమటలు పట్టాయి. ఆ ఇంటి కొడుక్కి వెంటనే ఫోను చేస్తాను, అమ్మాయిని గౌరవంగా వెనక్కి పంపమని గట్టిగా చెప్తాను అని ఒట్టేశాడు.

ఏప్రిల్‌లో మన కొత్త సంవత్సరానికి నువ్వు ఇంట్లో ఉంటావు. పండగ పిండివంటకి, కావుం వండటానికి, జీలుగ పాకం ఇప్పుడే తెప్పించాను. నువ్వు లేకపోతే పొయ్యి దగ్గర నా నడుం పట్టేస్తోంది. మిగతావన్నీ వచ్చాక చెప్పుకుందాం.

నీ పెద్దమ్మ


నికోసియా
మార్చి 30

పెద్దమ్మా,

ఈ ఉత్తరం కొట్టులో చదవకు. తలుపేసుకుని చదువు.

22వ తేదీ శనివారం ముసలమ్మని పెరటివైపు గదిలో కుర్చీలో కూర్చోబెట్టాను. దీపం వెలిగించాను. పాదాల దగ్గర నిమ్మకాయలు పెట్టాను. ఆవిడ కళ్ళు మూసుకుని తన భాషలో ఏదో ప్రార్థన చేసుకుంటోంది, నేను నా భాషలో మంత్రం అనుకుంటున్నాను. భుజాల మీద కాయలు కోశాను. ఆఖరికి నెత్తి మీద కాయ పెట్టి అడకత్తెర ఎత్తాను. అప్పుడే తలుపు ధడేల్మని తెరుచుకుంది.

స్తేలియోస్. శనివారం ఎప్పుడూ రాడు. ఆ పొద్దునే ఏజెంటు ఫోను చేసి, మీ అమ్మ మా పిల్ల మీద ఉమ్ముతోందట, ఊళ్ళో గొడవవుతోంది, ఆ పిల్ల కోపంతో ఏమైనా చేస్తుందేమో అన్నాడట. ఆయన కారు వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. వచ్చి చూసింది ఏమిటి? కన్నతల్లి కళ్ళు మూసుకుని ఉంది, భుజాల మీంచి నిమ్మరసం కారుతోంది, నేను ఇనప కత్తెర ఆవిడ నెత్తి మీద పట్టుకుని నిల్చున్నాను.

ఆయన అరిచిన అరుపుకి ముసలమ్మ ఉలిక్కిపడి కుర్చీలోంచి పడింది. తుంటి ఎముక విరిగింది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. మత్తులోంచి బయటికి రాలేదు. ఆ కాయలు తనే అడిగి కోయించుకుందని చెప్పగల మనిషి ఆవిడ ఒక్కతే.

పోలీసులు వచ్చారు. నాకు అన్యాయం జరిగిందని ముందే ఫిర్యాదు ఉంది కాబట్టి, పగ తీర్చుకోడానికి చేశాననడం వాళ్ళకి సుళువైంది. ఇక్కడ చర్చి సన్యాసినులు నడిపే ఇంట్లో ఉంచారు. మంచివాళ్ళే. కానీ గేటు దాటనివ్వరు. మే నెలాఖరున అధికారి ముందు విచారణ. అప్పటికి నా మాట నమ్మించలేకపోతే జైలో, విమానమో.

నువ్వు చెయ్యవలసింది ఇది. మన దేశంలో నిమ్మకాయ కొయ్యడం ఒక మొక్కు లాంటిదనీ, అడకత్తెర ఆయుధం కాదనీ, నువ్వే మంత్రింపజేసి పంపావనీ, ఉమ్మిందన్న ఫిర్యాదు పొరపాటనీ రాసి, మాస్టారి చేత ఇంగ్లీషు చేయించి పంపు. ఏజెంటు దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు వెనక్కి తీసుకో. నీ మాట తప్ప నాకింకో ఆధారం లేదు.

యసవతి


మావనెల్ల
ఏప్రిల్ 16

తల్లీ,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. ముందు రాసింది వెనకా, వెనక రాసింది ముందూ వచ్చాయి. తలుపేసుకునే చదివాను. రెండు రోజులు కొట్టు తియ్యలేదు. జ్వరమని చెప్పాను.

చూడు. నేను బాగా ఆలోచించాను. వాళ్ళు జైల్లో పెట్టరు. మాస్టారిని అడిగాను, నీ పేరు చెప్పకుండానే అడిగాను, ఇలాంటివాటికి వెనక్కి పంపించేస్తారు అన్నారు. పంపించనీ! టికెట్టు వాళ్ళే పెట్టుకుంటారు. కిందపడ్డ మనిషికి ఎముక అతుకుతుంది, నువ్వు నీ ఇంటికి వస్తావు. ఇందులో ఎవరికేం నష్టం?

నేను అబద్ధం ఎందుకు రాయాలి? దిష్టికి అయితే మాత్రం మొహాన ఉమ్ముతారా? మనమూ ఉమ్ముతాం, ఉప్పు మీద, ఎండుమిరపకాయల మీద. మనిషి మీద కాదు. ఏజెంటు ముందు అంతమంది ఆడపిల్లలు చూస్తుండగా ఊగిపోయి వచ్చినదాన్ని, మళ్ళీ వెళ్ళి, నాదే పొరపాటు నాయనా అని నిల్చోవాలా? ఊరంతా ఏమనుకుంటుంది? అక్కడ నీకేం ఉందని అంత వేళ్ళాడుతున్నావు? భాష రాదు, కూరలో కారం లేదు. ఇక్కడ నీ గదికి సున్నం వేయించాను. కిటికీకి కొత్త తెర కుట్టాను. కొత్త సంవత్సరానికి పొయ్యి ముట్టించే వేళ ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను, ఈ వయసులో.

వచ్చెయ్ తల్లీ. గొడవ దానంతటదే సర్దుకుంటుంది.

పెద్దమ్మ


నికోసియా
ఏప్రిల్ 28

పెద్దమ్మా,

అక్కడ నాకేం ఉందని అడిగావు. చెప్తాను. కొట్టులో చదువుతావని ఇన్నాళ్ళూ రాయలేదు. నత్తలూ జున్నూ రాసి నవ్వించాను. ఇప్పుడు నవ్వించే ఓపిక లేదు.

సిరిపాల జీలుగ చెట్టు మీంచి పడి పోయేనాటికి మా పెళ్ళయి ఏడాది కాలేదు. తాడు తెగింది. తాడు నేను పేనలేదు. కానీ ఆ రోజు నుంచి ఊళ్ళో నా మొహం ఏమైందో నీకు తెలుసు. విమలసేన అన్న పొద్దున మొదటి ట్రిప్పుకి నేను ఎదురైతే బస్సు ఆపి తమలపాకు నమిలి ఉమ్మి గాని కదిలేవాడు కాదు. మంచివాడే. నవ్వుతూనే ఉమ్మేవాడు. పెళ్ళివాళ్ళు వీధిలో పోతుంటే నువ్వు నన్ను పెరటి దారిన పంపేదానివి. "వాళ్ళు ఏమైనా అంటారు తల్లీ, నీకే బాధ" అనేదానివి. కరుణావతి పిన్ని కూతురు శ్రియాని బిడ్డని కొట్టుకి తెచ్చిన రోజు గుర్తుందా? నేను చేతులు చాచాను. పిన్ని గబుక్కున బిడ్డ మొహం మీద తువ్వాలు కప్పింది. నా కన్ను పడుతుందని. నువ్వు అప్పుడు ఏమన్నావు? "యసవతీ, లోపల పిండి రుబ్బాలి" అన్నావు. రుబ్బేసిన పిండి పెద్దమ్మా అది. పొద్దున్నే రుబ్బాను. మళ్ళీ రోటి ముందు కూర్చుని ఉత్తినే పొత్రం తిప్పాను.

ఇక్కడ దెస్పినా కూడా మొగుడు పోయిన మనిషే. అయినా ఊళ్ళో పెళ్ళికూతురు చర్చికి వెళ్తూ ఆగి ఆవిడ చెయ్యి ముద్దు పెట్టుకుని గాని వెళ్ళదు. ఆ ముసలమ్మ రోజూ నన్ను చూసి భయపడేది. నావల్ల కాదు, నా గురించి! ఈ పిల్ల ఇంత చక్కగా ఉంది, ఎవరి కళ్ళు పడతాయోనని. మనూళ్ళో నా దిష్టి అందరికీ తగులుతుంది. నాకు తగలొచ్చని, నా దగ్గర కూడా ఎవరికైనా కన్నుకుట్టేది ఉందని, నేను పుట్టి బుద్ధెరిగాక ఆలోచించిన మొదటి మనిషి ఆవిడ. ఎవరూ పట్టించుకోని మనిషికి ఎవరైనా దిష్టి తీస్తారా? నువ్వు ఒక్కసారైనా నాకు దిష్టి తీశావా?

దాన్ని నువ్వు దయ్యం అన్నావు.

నీ సున్నం వేసిన గదిలోకి రమ్మంటావు. ఆ గది కిటికీ వీధివైపు ఉండదు, పెరటివైపు ఉంటుంది. నాకు తెలుసు, నేను అందులో ఎనిమిదేళ్ళు ఉన్నాను.

నువ్వు రాయకపోతే నన్ను పంపించేస్తారు. నిన్ను ద్వేషించను. నన్ను పెంచావు. కానీ ఆ తర్వాత నీ కొట్టులో అప్పాలు పొయ్యలేను. ఎక్కడికో అక్కడికి పోతాను.

ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

యసవతి


మావనెల్ల
మే 10

యసవతీ,

నీ ఉత్తరం కొట్టులో చదవలేదని అనుకుంటావేమో. చదివాను.

మొదట తలుపేసుకుని చదివాను. చదివి నీ మీద మండిపడ్డాను. ఇంత చేస్తే ఇంత మాటా అని. మర్నాడు పొద్దున పెనం పెట్టి పిండి పోస్తున్నాను, అందరూ వచ్చి కూర్చున్నారు. విమలసేన ఎప్పటిలాగే "అక్కా, ఫారిన్ నుంచి ఏం కబుర్లు?" అన్నాడు. వాడి నోట్లో తమలపాకు. నాకు ఏమైందో తెలియదు, పెనం దించేసి, లోపలికెళ్ళి ఉత్తరం తెచ్చి మొదటి నుంచి చివరి దాకా చదివాను. తాడు సంగతి, బస్సు సంగతి, తువ్వాలు సంగతి. పిండి సంగతి కూడా. ఆపలేదు. ఏడుస్తూ చదివాను. కరుణావతి అక్కడే ఉంది. లేచి వెళ్ళిపోబోయింది. "కూర్చో, ఇంకా ఉంది" అన్నాను. కూర్చుంది.

చదవడం అయింది. విమలసేన బయటికెళ్ళి తమలపాకు ఉమ్మి, నోరు కడుక్కుని వచ్చాడు. కరుణావతి "నేను బిడ్డ మంచికే చేశాను" అంది. "నేనూ ఆ మాటే అనుకున్నాను" అన్నాను. తను ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోనీ.

తర్వాత పన్లు. గుడి భిక్షువు దగ్గరికి వెళ్ళి నిమ్మకాయల గురించి రాసివ్వమన్నాను. ఆయన నా మీద విరుచుకుపడ్డారు. "బుద్ధుడు నిమ్మకాయలు కొయ్యమన్నాడా పొడిమెణికే? అది నా చేత రాయిస్తావా?" అని. కొయ్యమన్నాడని రాయొద్దు స్వామీ, కొయ్యమనకపోయినా మేం కోస్తూనే ఉన్నామని రాయండి అన్నాను. చాలాసేపు నవ్వి, అదే రాసి ఇచ్చారు. కపురాళ తన కోడిగీతల్లో ఇంకోటి రాశాడు. మాస్టారు అన్నీ ఇంగ్లీషు చేసి, తన తరఫున ఒక కాగితం జోడించారు. నేను చెప్పింది మాత్రం నా మాటల్లోనే ఉంచమన్నాను. అందులో ఉమ్మడం తిట్టు కాదనీ, తెలియక నేనే నానా యాగీ చేశాననీ, అడకత్తెర నాదనీ, ఆ ముసలమ్మ కిందపడటానికి కారణం నేననీ, శిక్ష వెయ్యాలంటే మావనెల్ల బస్‌స్టాండు ఎదురుగా అప్పాల కొట్టులో ఉంటాననీ చెప్పాను.

అన్నీ పట్టుకుని మళ్ళీ కొలంబో వెళ్ళాను. అదే చీర. అదే కుర్రాడు. నన్ను చూసి లేచి నిల్చున్నాడు, మళ్ళీ అరుస్తానని. బయట అలాగే ఆడపిల్లలు వరసలో ఉన్నారు. అందరికీ వినపడేటట్టే చెప్పాను, నాదే తప్పని. ఎలా చెప్పానో ఆ భగవానుడికే తెలియాలి. వాడు అక్కడి అధికారికి నా కళ్ళ ముందే ఫ్యాక్స్ పంపాడు. పంపిన కాగితం బయటికి వచ్చేసింది. అయ్యో, వెళ్ళలేదు, తిరిగొచ్చేసింది అని గోల చేశాను. అది అంతేనట.

ఇంటికి రా అని ఇంక రాయను. నాకు రాయాలనే ఉంది, కానీ రాయను. నీకు ఎప్పుడైనా రావాలనిపిస్తే రా. వస్తే వీధి గుమ్మంలోంచి రా. పెళ్ళివాళ్ళు వచ్చినా, ఎవరొచ్చినా.

నీకు ఎప్పుడూ దిష్టి తియ్యలేదు. నువ్వు రాశాక చాలాసేపు వెతుక్కున్నాను, ఒక్కసారైనా తీశానేమోనని. తియ్యలేదు.

పెద్దమ్మ


కాటో వ్రీసి
జూలై 12

పెద్దమ్మ కాళ్ళకి మొక్కి యసవతి రాస్తున్నది.

ఎలేని చేత రాయించిన కార్డు అందే ఉంటుంది, నేను ఇంటికి చేరానని. వివరంగా రాయడానికి ఇప్పుడు కుదిరింది.

విచారణలో అధికారి నీ కాగితం పైకి చదివాడు. శిక్ష వెయ్యాలంటే బస్‌స్టాండు ఎదురుగా ఉంటానన్న దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అయినా స్తేలియోస్ తల తిప్పుతూనే ఉన్నాడు. పల్లెటూరి మనుషులు ఏదైనా రాస్తారు అన్నాడు. అధికారి అందరినీ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ముసలమ్మ అప్పటికి తేరుకుంది, కానీ కొడుకు ఆవిడతో నా మాట ఎత్తనివ్వలేదట. నన్ను గుమ్మంలో చూడగానే, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావే, ఈ నర్సులు నన్ను చన్నీళ్ళతో తుడుస్తున్నారు అని అరిచింది. తర్వాత సంగతంతా విని కొడుకుని తిట్టింది పెద్దమ్మా, ఆ తిట్లు ఎలేని నాకు ఇంగ్లీషులో చెప్పనంది. "నేను అడిగి చేయించుకున్నాను. తలనొప్పి పోయింది కూడా. తుంటి విరగ్గొట్టింది నువ్వు" అంది. అధికారి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

స్తేలియోస్ క్షమించమని అనలేదు. సంతకం పెట్టాడు. ఇంటికి తీసుకొచ్చేటప్పుడు దారిలో కారు ఆపి రెండు కాఫీలు తెచ్చాడు, నాకొకటి.

నిన్న ఎలేని వచ్చింది. బిడ్డ పుట్టి నలభై రోజులు నిండితే ఇక్కడ తల్లీబిడ్డలు చర్చికి వెళ్ళి, అటునుంచి పెద్దల ఇంటికి వస్తారు. ఇల్లంతా చుట్టాలు. నేను అలవాటు ప్రకారం వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోముతూ నిల్చున్నాను. ఎవరూ వెళ్ళమనలేదు, నా కాళ్ళే వెళ్ళాయి. ఎలేని వెతుక్కుంటూ వచ్చింది. నా తడి చేతులు తన గౌనుకే తుడిచి, బిడ్డని నా చేతుల్లో పెట్టేసి, కాళ్ళు పీకుతున్నాయంటూ వెళ్ళి కూర్చుంది.

బిడ్డ మొహం మీద ఏ గుడ్డా లేదు. కళ్ళు తెరిచి నన్నే చూసింది. తల ఎలా పట్టుకోవాలో తెలియక నేను కొయ్యబారిపోయాను. మెడ కింద చెయ్యి పెట్టవే అని ముసలమ్మ మంచం మీంచి కేకలు. నాకు ముప్పై నాలుగేళ్ళు పెద్దమ్మా. అంత చిన్న బిడ్డని నా చేతికి ఇవ్వడం ఇదే మొదలు.

యసవతి